నాలుగు గంటల పిండి

మస్కట్ విమానం మధ్యాహ్నం ఒంటిగంటా పదికి. సంతోషి తొమ్మిదింటికే బిడ్డను చంకనేసుకుని మామ చెన్నయ్య ఆటో ఎక్కింది. ఊరి నుంచి ఎయిర్‌పోర్టుకు ఇరవై నిమిషాల దారి. ఊళ్లో సగం పొలాలు ఆ రన్‌వే కిందికే పోయాయి గానీ, ఆ ఇంట్లో ఆమె భర్త శ్రీకాంత్ తప్ప ఇంతవరకూ ఎవరూ విమానం ఎక్కలేదు. శ్రీకాంత్ మస్కట్‌లో ఒక గోదాంలో సూపర్‌వైజర్. భార్యకూ బిడ్డకూ విజిట్ వీసా పంపి మూడు నెలలవుతోంది. రెండుసార్లు ప్రయాణం పెట్టుకున్నారు, రెండుసార్లూ పాప దవాఖానలో పడింది. వీసా గడువు ఆ రోజుతో ఆఖరు. అది రెండువేల పన్నెండు మే నెల.

పాప పేరు అనుపమ. రెండున్నరేళ్లు. బుగ్గలు బొమ్మకున్నట్టు గుండ్రంగా ఉంటాయి, పొట్ట ఎత్తుగా ఉంటుంది, కాళ్లూ చేతులూ సన్నం. తిన్న తిండిలోంచి దాచుకున్న చక్కెరను తిరిగి రక్తంలోకి వదలడం ఆ పిల్ల కాలేయానికి చేతకాదని డాక్టరమ్మ చెప్పింది. పాలు, పళ్లు, చక్కెర పనికిరావు. నాలుగు గంటలకొకసారి కార్న్‌ఫ్లోర్ చల్లటి నీళ్లలో కలిపి, పచ్చిగానే తాగించాలి. అది కడుపులో మెల్లగా కరుగుతూ పాపను నిలబెడుతుంది. వేడి తగిలితే ఆ గుణం పోతుంది. గంట ఆలస్యమైతే మగత వస్తుంది, ఆ తర్వాత ఫిట్స్. సంతోషి ఏడాదిన్నరగా ఒక్క పూట కూడా తప్పనివ్వలేదు. వేలికి సూది గుచ్చి చక్కెర చూసే చిన్న మిషను, చక్కెర మరీ పడిపోతే ఇవ్వడానికి గ్లూకోజ్ పొడి డబ్బా ఎప్పుడూ ఆమె సంచిలోనే ఉంటాయి.

ఇంటి దగ్గర బయల్దేరేటప్పుడు అత్త సత్తెమ్మ మనవరాలి బుగ్గ మీద కాటుక చుక్క పెట్టి, ఇగ పిల్లకు ఏం కాదు, నువ్వు పరేషాన్ గాకు అని కోడలితో అంది. పెద్దావిడ దీవెన అనుకుంది సంతోషి.

సెక్యూరిటీలో సంచి ఆపారు. అక్కడున్న ఆడమనిషి, ప్రయాణానికని ముందురోజు పిండి పోసి పెట్టుకున్న డబ్బా మూత తీసి, ఈ తెల్ల పొడి ఏమిటని అడిగింది. సంతోషి డాక్టరు రాసిచ్చిన ఉత్తరం చూపించింది. ఆమె చదివి, కొంచెం నోట్లో వేసుకోమంది. సంతోషి చిటికెడు నాలుక మీద వేసుకుంది. ఎప్పటి రుచి కాదు. సరిగా ఆరని బట్టలాంటి వాసన ఏదో తగిలింది. రాత్రంతా డబ్బాలో ఉన్నందుకేమో అనుకుంది. వెనక మనుషులు తోసుకొస్తున్నారు, పాప ఏడుస్తోంది. మూత పెట్టి ముందుకు నడిచింది.

ఎనిమిదింటి పూట ఇంట్లో, పాత ప్యాకెట్‌లో మిగిలినదానితో అయిపోయింది. పన్నెండు కాగానే గేటు దగ్గర కూర్చుని డబ్బాలోంచి కొలిచి నీళ్లలో కలిపింది. రోజూ అయితే కలిపిన పిండి ఊరికే అడుక్కు పోతుంది, తిప్పుతూ తాగించాలి. ఆ రోజు అడుక్కు పోలేదు. గంజిలా కొంచెం చిక్కబడి, అక్కడక్కడ ఉండలు కట్టింది. సంతోషి సీసా మీద చెయ్యి వేసి చూసింది. నీళ్లు చల్లగానే ఉన్నాయి. పాప మాత్రం మారాం చెయ్యకుండా గటగటా తాగేసింది.

విమానం గంట లేటని బోర్డు మీద పడింది. ఒంటిగంటకు సంతోషి పాప వేలికి సూది గుచ్చి చూసింది. నూట యాభై రెండు. మామూలుగా ఆ వేళకు వంద దాటదు. ప్రయాణం నాడే దేవుడు కనికరించాడని శ్రీకాంత్‌కు ఫోన్ చేసి చెప్పింది. అతనూ సంతోషపడ్డాడు. అద్దాల అవతల ఎండకు రన్‌వే మీద గాలి మరుగుతున్నట్టు కదులుతోంది. పాప కాసేపు కుర్చీల మధ్య పరుగెత్తింది, కాసేపటికి తల్లి కాళ్లకు ఆనుకుని నిలబడింది, ఆ తర్వాత ఎత్తుకోమంది.

రెండింటికి విమానంలో కూర్చున్నారు. పాప నిద్రపోయింది. పక్క సీటులో విజయవాడ వైపు పెద్దావిడ, కూతురి దగ్గరికి వెళ్తోందట. నీ అదృష్టం తల్లీ, పిల్లలు విమానంలో ఇలా పడుకోవడం ఎక్కడా చూడలేదు అంది. సంతోషి నవ్వింది. బిడ్డ నుదుటి మీద చెయ్యి వేసింది. పైనుంచి ఏసీ చల్లగా కొడుతోంది. నుదురు చెమటతో తడిసి ఉంది.

పిండి తాగి రెండు గంటలే అయింది, ఇంకో రెండు గంటల దాకా భయం లేదు. అలా అనుకుంటూనే మిషను తీసింది. సూది గుచ్చితే పాప కదలలేదు.

నలభై ఆరు.

గ్లూకోజ్ తడిపి బుగ్గ లోపల రాసింది, చెంచాతో కొంచెం కొంచెం మింగించింది. పది నిమిషాలకు పాప కళ్లు తెరిచింది. డెబ్బై ఒకటి. అప్పుడు సంతోషి పిండి డబ్బా ఒళ్లో పెట్టుకుని, చిటికెడు తీసి వేళ్ల మధ్య నలిపింది. పచ్చి కార్న్‌ఫ్లోర్ నలిపితే కిర్రుమంటుంది. ఇది చప్పుడు లేకుండా సన్నరవ్వలా జారిపోయింది. ఇది ఉడికిన పిండి. అందుకే చక్కెర ఒక్కసారిగా ఎక్కి, అంతే వేగంగా పడిపోయింది. ఎవరో ఉడికించి, ఆరబెట్టి, జల్లించి మళ్లీ డబ్బాలో పోశారు. ముందురోజు తను ఉత్తరం కోసం డాక్టరమ్మ దగ్గరికి వెళ్లినప్పుడు ఇంట్లో ఉన్నది ఒక్క సత్తెమ్మే.

చివరి ప్రయాణికులు ఇంకా ఎక్కుతున్నారు. సంతోషి ఎయిర్‌హోస్టెస్‌ను పిలిచి సంగతి చెప్పింది. ఆ అమ్మాయి, దిగాలంటే ఇప్పుడే చెప్పాలి మేడమ్, తలుపు వేశాక కష్టం అంది. పక్కావిడ, మూడు గంటల ప్రయాణమే కదా, గ్లూకోజ్ ఇస్తూ కూర్చుంటే సరిపోదా, వీసా పోతే ఎలా అని నెమ్మదిగానే అడిగింది. సంతోషికీ ఆ ఆలోచన వచ్చింది. డబ్బాలో సగం పైనే గ్లూకోజ్ ఉంది. ఆమె శ్రీకాంత్‌కు ఫోన్ చేసింది.

అతను అంతా విని, కొత్త పిండి ప్యాకెట్ పట్టుకుని మస్కట్ ఎయిర్‌పోర్టు బయటే నిలబడతానన్నాడు. "జర ధైర్యం చెయ్యి సంతోషీ. మూడు గంటలే. మళ్ల వీసా ఎప్పుడొస్తదో ఏమో."

ఫోన్ చెవి దగ్గర పెట్టుకునే ఆమె మరోసారి సూది గుచ్చింది. యాభై ఎనిమిది. డెబ్బై ఒకటి నుంచి అంతలోనే పడింది.

"వస్తలేను," అంది సంతోషి. "దిగుతున్న."

అతను ఇంకేదో అంటుండగానే కట్ చేసింది.

విమానం నుంచి బయటికి వచ్చే దారిలో పాప వాంతి చేసుకుంది. మింగించిన గ్లూకోజంతా తల్లి భుజం మీద పోయింది. మళ్లీ చెంచా పెట్టబోతే పళ్లు బిగుసుకుపోయాయి. కళ్లు పైకి తేలాయి, ఎడమ చెయ్యి కొట్టుకోవడం మొదలైంది. ఎయిర్‌పోర్టు మనుషులు పరుగెత్తుకొచ్చి ఇద్దరినీ బండిలో వైద్యం గదికి తీసుకుపోయారు. అక్కడి డాక్టరుకు నరం దొరకలేదు. మూడోసారికి దొరికింది. ఆ మూడుసార్లూ సంతోషి బిడ్డ కాలు పట్టుకుని, ఆ కాలు చల్లబడుతోందో వెచ్చగా ఉందో తేల్చుకోలేక నిలబడింది. సెలైన్‌తో గ్లూకోజ్ ఎక్కుతుండగా పాప చెయ్యి కొట్టుకోవడం ఆగింది. ఆ సమయంలోనే గది అద్దాలు అదిరాయి, ఏదో విమానం లేచింది. అది తమదేనా అని ఆమె ఎవరినీ అడగలేదు.

అంబులెన్సులో ఎక్స్‌ప్రెస్‌వే మీదుగా పాపను ఎప్పుడూ చూసే దవాఖానకు తెచ్చారు. సాయంత్రానికి పాప అమ్మా అంది. చెన్నయ్య సత్తెమ్మను ఆటోలో తీసుకొచ్చాడు.

సత్తెమ్మ మంచం దగ్గరికి వచ్చి సెలైన్ సీసా వైపు, మనవరాలి చేతికున్న పట్టీ వైపు చూసింది. సంతోషి పిండి డబ్బా తీసి అత్త ముందు పెట్టింది.

"దీన్ని ఏం చేసినవ్ అత్తమ్మా?"

సత్తెమ్మ దాచలేదు. పిల్లకు పచ్చి పిండి పోసీ పోసీ అది లోపల అంటుకుని పొట్ట ఉబ్బిందని ఆమె నమ్మకం. పరాయి దేశంలో చూసేవాళ్లు ఎవరూ ఉండరు, కనీసం దారిలోనన్నా పిల్లకు హాయిగా ఉండాలనుకుంది. డబ్బాలో పోసి ఉన్న పిండినంతా బట్టలో కట్టి ఆవిరి పట్టింది. ఎండలో ఆరబెట్టి, మిక్సీ పట్టి, మూడుసార్లు జల్లించింది. కోడలికి చెబితే ఒప్పుకోదని చెప్పలేదు.

"నా చేతులార చేసిన బిడ్డా," అంది. "మంచిగైతదనే చేసిన."

పొట్ట పిండితో ఉబ్బలేదని, కాలేయం పెరిగితే అలా ఉంటుందని డాక్టరమ్మ ఆ రోజు సత్తెమ్మను కూర్చోబెట్టి చెప్పింది. ఇంతకుముందు ఆ మాట ఆమెకు ఎవరూ విడమరిచి చెప్పలేదు. సంతోషి భర్తకు చెప్పింది, మామకు చెప్పింది. ఇంట్లో రోజంతా పాపతో ఉండే అత్తకు మాత్రం వేడి చెయ్యొద్దు అన్న ఒక్క ముక్కే చెప్పింది. అది తలుచుకున్నప్పుడు సంతోషికి కోపం నిలవలేదు. భయం మాత్రం పోలేదు.

శ్రీకాంత్ ఆ రాత్రి ఫోన్ చేసి ముందు పాపకు చక్కెర ఎంతుందని అడిగాడు. చివరికి తప్పు ఒప్పుకుంటున్నట్టు, అట్లున్న పిల్లతోని నేనే రమ్మన్నా గద అన్నాడు. ఆమె అవునంది. కొత్త వీసాకు ఏడు వారాలు పట్టింది. జూలైలో తల్లీబిడ్డా మస్కట్ చేరారు. ఆ ఏడు వారాలూ సత్తెమ్మ వంటింట్లో పాప గిన్నెలున్న అలమర వైపు వెళ్లలేదు.

రెండేళ్ల తర్వాత సెలవుకు వచ్చినప్పుడు అనుపమ నాయనమ్మ కొంగు పట్టుకుని మంచినీళ్లు అడిగింది. సత్తెమ్మ గ్లాసు ముంచి, తాగించకుండా కోడలిని పిలిచింది. నీళ్లే కదా, నువ్వే ఇయ్యి అత్తమ్మా అంది సంతోషి. సత్తెమ్మ గ్లాసును గడప మీద పెట్టి పక్కకు జరిగింది. పాప తనే తీసుకుని తాగింది. తాగడం అయ్యేదాకా సంతోషి ఆ గ్లాసు మీంచి చూపు తిప్పలేదు.