అభ్రకం రేకు మీద గాటు

దేదీప్యకి ఒళ్లు మండిపోయింది. శాంటా క్లారాలో తను ఎమ్మెస్ చదివే కాలేజీ మ్యూజియంలో, రాళ్లనీ లోహాలనీ ఫ్రేముల్లో అతికించడం ఆమె క్యాంపస్ జాబ్. గోడ పొడుగునా రాతియుగం, కంచుయుగం, ఇనుపయుగం అని బోర్డులు. యుగాలకి రాళ్ల పేర్లు, లోహాల పేర్లు పెట్టారు గానీ, వాటిని మోసినవాళ్ల పేరు ఒక్కటంటే ఒక్కటి లేదు.

ఇవాళ చివరి ఫ్రేములోకి గూడూరు అభ్రకం రేకు. అరచేతంత ఉంటుంది, వెనకున్న వేలు కనపడేంత పల్చన. పాత రేడియోల్లో, యుద్ధ విమానాల్లో ఇలాంటివే వాడారు. మ్యూజియానికి ఇచ్చింది ఈ ఊళ్లోనే స్థిరపడ్డ సూర్యప్రకాశరావు అంకుల్. వాళ్ల తాతగారికి గూడూరు దగ్గర గనులుండేవి. బోర్డు మీద ఆ తాతగారి పేరు ఇంతింత అక్షరాల్లో, కింద చిన్నగా: ‘మిషన్‌తో చీల్చినది. ఒక మూల డ్యామేజ్.’

“ఆ మూల ఫ్రేమ్ కిందకి పోయేట్టు గ్లూ చేసెయ్యమ్మాయ్, అసహ్యంగా ఉంది. గంటలో ఓపెనింగ్,” అన్నారాయన.

డ్యామేజా! దేదీప్య వాళ్ల అవ్వ పెంచలమ్మ తొమ్మిదో ఏట నుంచీ ఆ గనుల దగ్గరే రేకులు చీల్చింది. సాయంత్రం గంపలన్నీ తూకానికి ఒకచోట పోసేవాళ్లు. ఎవరి రేకులు ఎవరివో తెలియడానికి ఒక్కొక్కరూ మూల మీద తమ గుర్తు కోసుకునేవాళ్లు. అవ్వది రెండు గాట్లు.

“అంకుల్, దీన్ని మిషన్ చీల్చలేదు. ఆడవాళ్లు కత్తి మొనతో చీల్చారు. మా అవ్వ బొటనవేలికి ఇప్పటికీ గోరు సరిగ్గా రాదు. ఆ మూలన ఉన్న గాటు, దీన్ని చీల్చినామె గుర్తు.”

ఆయన మొహం ఎర్రబడింది. “మా ఇంట్లో ఎవరూ చెప్పలేదే!”

“మీకెందుకు చెబుతారు?”

“సరే, ఇది మీ అవ్వ గుర్తేనని చెప్పు. ఇప్పుడే ఆవిడ పేరు రాయిస్తా.”

అబ్బో, ఎంత దయ! దేదీప్య రేకుని లైటుకి ఎత్తి పట్టింది. ఒక్క అబద్ధం ఆడితే చాలు, పెంచలమ్మ పేరు గోడెక్కుతుంది. కానీ మూలన ఉన్నది ఒకటే గాటు, ఏటవాలుగా.

“మా అవ్వది కాదు,” అంది.

“మరింకేం? అతికించెయ్.”

“అతికించను! మా అవ్వది కాకపోతే ఇంకెవరిదీ కాదా? ఆమె తన గుర్తు పెట్టే వెళ్లింది. మీకు తెలియకపోతే అది డ్యామేజ్ అయిపోతుందా?” గ్లూ మూత బిగించేసి, గాటు పైకి కనపడేట్టు రేకుని ఫ్రేములో పెట్టింది.

ఆయన కళ్లజోడు సర్దుకుని ఆ గాటు మీదకి వంగారు. తర్వాత జేబులోంచి పెన్ను తీసి బోర్డు మీద ‘మిషన్‌తో’ కొట్టేశారు, ‘డ్యామేజ్’ కొట్టేశారు. దాని పక్కన ఖాళీలో పెన్ను మొన ఆనించారు.

“ఆవిడ పేరేంటో...” అని గొణిగారు.

“మీ ఇంట్లో అడగండి అంకుల్. ఏ గుర్తు ఎవరిదో చూసి తూకం వేయించింది మీ వాళ్లేగా,” అంది దేదీప్య.