తుప్పల్లో తీగ

“ముట్టకు! సోమ్లీ, ముట్టకు!”

ఊర్మిళ వెనక నుంచి సోమ్లీ నడుం పట్టుకుని బలంగా లాగింది. ఇద్దరూ బురదలో పడ్డారు. చెయ్యి చాస్తే అందేంత దూరంలో సోమ్లీ మొగుడు లింగ్యా సర్కారు తుమ్మ కొమ్మల మీద బోర్లా వాలిపోయి ఉన్నాడు. అతని కుడిచెయ్యి ఒక సన్నటి తీగను పట్టుకునే ఉంది. వేళ్ల సందుల్లోంచి పొగ వస్తోంది.

“యాడీ... యాడీ...” అని తల్లిని పిలుస్తూ సోమ్లీ విడిపించుకోడానికి ఊర్మిళ మణికట్టు కొరికింది. ఊర్మిళ వదల్లేదు. వదిలితే రెండో శవం లేస్తుంది.

“కరెంటు బంద్ చేయుండ్రి! ఎవలన్న ఉన్నరా? లైన్‌మన్‌కు ఫోన్ కొట్టుండ్రి!”

పక్కనే ఉన్న మక్క చేనులోంచి లింగ్యా తమ్ముడు ధన్‌సింగ్ పరుగెత్తుకొచ్చాడు. ఎండు కర్ర కోసం నాలుగు వైపులా చూశాడు. రాత్రంతా కురిసిన వానకు పుల్ల పుల్లా తడిసి ఉంది. అతను చొక్కా విప్పి చేతికి చుట్టుకుంటుండగానే లింగ్యా వేళ్లు తీగను వదిలేశాయి. ఒళ్లు సడలి ముళ్ల మీది నుంచి కిందికి జారింది.

కరెంటు పోయింది.

ధన్‌సింగ్ అన్నను బయటికి ఈడ్చి గుండెల మీద గుద్దాడు. నోట్లో నోరు పెట్టి ఊదాడు. మళ్లీ గుద్దాడు. లింగ్యా కళ్లు తెరిచే ఉన్నాయి, కానీ దేన్నీ చూడటం లేదు.

వెనక తలుపు తెరుచుకుని ఊర్మిళ భర్త హన్మంత్ వచ్చాడు. శవాన్ని చూసి గడప మీదే ఆగిపోయాడు.

“వీళ్లు రేపు గదా రావాల్సింది?” అన్నాడు.

అవును, రేపే. ఆ మాట మాట్లాడింది ఊర్మిళే. ఊరి చివర ఇల్లు, ఆ తర్వాత చేన్లు, ఆ పైన గూడూరు అడవి. వానలు పడ్డాక ఇంటి వెనక తుమ్మ, లంటానా గోడ దాకా కమ్ముకొచ్చాయి. పోయిన వారం వంటింట్లోకి కట్లపాము వచ్చింది. మంగళవారం వచ్చి అంతా కొట్టెయ్యమని లింగ్యాకు చెప్పింది. కానీ అతను ఇవ్వాళ, సోమవారం పొద్దున్నే గొడ్డలి భుజాన వేసుకుని, పెండ్లాన్ని వెంటబెట్టుకుని దిగాడు.

“రేపు మా తండాల సీత్లా పండుగ అక్కా. అమ్మోరిని ఇడిసి నీ తుప్పలు కొట్టుకుంట కూసుంటే ఊకుంటదా? అందుకే ఇయ్యాల్నే వచ్చిన.” ఇంటి వెనక్కి తొంగి చూసి నవ్వాడు. “గీ అడవిల పులి పిల్లలు పెట్టినా నీకు ఎరుకైతదా?”

“పెడితె నీకే ఇస్త, సాదుకో” అంది ఊర్మిళ.

పొయ్యి కట్టెల కోసం అప్పుడే ఆమె వెనక్కి బయల్దేరింది. రోజూ ఆ వేళకు వెళ్లేదే. లింగ్యా ఆపాడు. “నువ్వు జర చాయ్ పెట్టక్కా. ఎట్లైనా ఆ దిక్కే మొదలు వెడుతున్న, కట్టెలు నేను తెచ్చి పడేస్త.”

చాయ్ పొంగుతుండగా సోమ్లీ అరుపు వినిపించింది.

ఎస్సై చంద్రమోహన్ వచ్చేసరికి ఇంటి ముందు జనం నిండిపోయారు. జనగామ దిక్కు లింగాల ఘనపూర్ నుంచి వచ్చినవాడు, మాట తక్కువ మనిషి. తీగను చూశాడు, శవాన్ని చూశాడు, ధన్‌సింగ్‌ను చూసి ఆగాడు.

“నిన్ను యాడనో చూసిన.”

“అడవి పందుల కేసుల సార్” అన్నాడు కానిస్టేబుల్ హరీశ్. “పోయినేడు చేను చుట్టు కరెంటు తీగ పెట్టి దొరికిండు. బెయిల్ మీద ఉన్నడు.”

“ఇగో, చేను గీడనే ఉన్నది” అన్నాడు హన్మంత్, గుంపులోంచి ముందుకొచ్చి. “నిన్న పొద్దూకంగ తీగ కట్ట పట్టుకోని తిరుగుతుంటె నేనే చూసిన సార్. పందికని పెట్టిండు, సొంత అన్న పోయిండు.”

“అబద్ధం!” ధన్‌సింగ్ లేవబోయాడు. హరీశ్ అతని భుజం నొక్కి కూర్చోబెట్టాడు.

“ఇంక ఏం మాట్లాడుతడు!” అంది గుంపులో ఒకామె. “అన్నను తిన్న నోరు.”

ఆ మాటకు సోమ్లీ శవం మీంచి తల ఎత్తింది. “ఇగ వీన్ని గూడ తీస్కపోతరా? ఇద్దరు పిల్లలు నాకు. ఆయన పాయె. వీడు గూడ పోతె వాళ్లను ఎవలు చూస్తరు సారూ? నీ కాళ్లు మొక్కుత.”

ఎస్సై వెనక్కి జరిగాడు. బేడీలు బయటికి తియ్యమని హరీశ్‌కు సైగ చేశాడు.

ధన్‌సింగ్ రెండు చేతులూ తనే ముందుకు చాపాడు. “ఏసుకో సార్. కని ఒక్క మాట ఇను. అవు, నేను పందులకు తీగ పెట్టిన. శాన సార్లు పెట్టిన. ఇంకో కేసు రాసుకో. పందికి పెట్టేటోడు తీగను మోకాలి కిందికి కడతడు. కింద గడ్డి మొత్తం చెక్కుతడు, తడి ఆకు తాకితే కరెంటు భూమిలకు పోతదని. గా తీగ జూడు. ఛాతీ మందం ఎత్తుల ఉన్నది. చుట్టు ఒక్క రెమ్మ గూడ కొయ్యలే. పంది ఏమన్న రెండు కాళ్ల మీద నడుస్తదా?”

ఎస్సై తుప్పల దగ్గరికి వెళ్లి వంగి చూశాడు. కట్టెల కుప్పకు వెళ్లే సన్నటి దారికి అడ్డంగా, ఆకుల చాటున తీగ బిగించి ఉంది. 

లైన్‌మన్ మోటారు సైకిల్ దిగి చెమటలు తుడుచుకుంటూ వచ్చాడు. “సార్, ఇప్పుడు ట్రాన్స్‌ఫార్మర్ డబ్బా బంద్ చెయ్యాల్నా?”

“నువ్వు ఇంక చెయ్యలేదా?”

“నేను ఇప్పుడే వస్తున్న సార్.”

ఎస్సై జనం వైపు తిరిగాడు. “మరి కరెంటు ఎవరు బంద్ చేసిన్రు?”

“నేనే సార్.” హన్మంత్ చెయ్యెత్తాడు. “అరుపు ఇనంగనే ఉరికి ఇంట్ల మెయిన్ బంద్ చేసిన. లేకుంటే సోమ్లీ గూడ పోయేది.”

“మంచి పని చేసినవ్” అన్నాడు ఎస్సై. “చేను కరెంటుకు, మీ ఇంటి మెయిన్‌కు ఏం సంబంధం?”

హన్మంత్ గుంపులోకి వెనక్కి జరిగాడు.

“ధన్‌సింగ్ చేను లైను నుంచి తీసుకుంటే, నువ్వు నీ ఇంట్ల ఎన్ని మెయిన్లు బంద్ చేసినా ఆ తీగల కరెంటు పోదు. హరీశ్, ఎనక అర్ర చూడు.”

హరీశ్ తిరిగి రావడానికి ఎంతోసేపు పట్టలేదు. కిటికీ ఊచకు చుట్టి ఉన్న అదే తీగ ముక్క ఒకటి, మంచం కింద దొరికిన ప్లగ్గు ఒకటి తెచ్చాడు.



హన్మంత్ ఒక్కసారిగా పెండ్లాం వైపు వేలు చూపించాడు. “ఇంట్ల ఉండేది ఇదే సార్. నేను మానుకోటల ఉంట, ఎప్పుడో ఒకపారి వస్త. కోళ్లను అడవి పిల్లి ఎత్తుకపోతున్నదని రోజు నెత్తి కొట్టుకుంటది. ఇదే పెట్టింది గావచ్చు. లింగ్యాను పిలిచింది గూడ ఇదే!”

ఊర్మిళకు అప్పుడు అర్థమైంది.  మానుకోటలో ఇంకో ఆడదానితో రూము తీసుకున్నాడని పోయిన నెలే ఊరి పెద్దమనుషులను కూర్చోబెట్టింది. అందరి ముందూ తల వంచుకున్నాడు. విడాకుల కాగితం మీద సంతకం పెట్టమని అతను అడిగితే తను పెట్టనంది. నెల నుంచి ఇంటి మొహం చూడనివాడు నిన్న రాత్రి వచ్చాడు. ఛాతీ ఎత్తున తీగ. కట్టెల దారి. రేపు కూలీలు వస్తారు కాబట్టి, ఇవ్వాళే.

లింగ్యా చచ్చింది తన చావు.

“నేను పెట్టలే సార్” అంది. 

“పెట్టలేదనేటందుకు నీకు సాక్ష్యం ఉన్నదా అమ్మా?” అన్నాడు ఎస్సై. “రాత్రి ఇంట్ల ఎవరెవరు ఉన్నరు?”

“నేను, ఆయన, మా అత్త.”

అందరి చూపులూ అరుగు మీదికి వెళ్లాయి. హన్మంత్ తల్లి వెంకటనర్సమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. 

“ఆమెకు చెవులు సరిగ వినపడయి సార్” అన్నాడు హన్మంత్. “అవ్వా, నువ్వు లోపలికి పో.”

“పోను” అంది ముసలామె. “మంచిగనే ఇనపడుతయి.”

“అవ్వా!”

“నోర్ముయ్.” అరుగు అంచు పట్టుకుని లేచింది. “తెల్లారక ముందు నా మంచం కాడికి వచ్చిండు సారూ. ‘అవ్వా, ఇయ్యాల నువ్వు ఇంటెనకకు పోకు. కట్టెలకు ఊర్మిళనే పోనియ్యి’ అన్నడు. ఎందుకురా అన్న. పాములున్నయి అన్నడు. పాములుంటే నా కోడలు మనిషి గాదా? గప్పుడే నా గుండె జల్లుమన్నది. కడుపుల పుట్టినోడని నోరు మూసుకోని పండుకున్న.”

సోమ్లీ ఏడుపు ఆపి ఆమె వైపే చూస్తోంది.

“ఎవరి గురించి చెప్తున్నవో అందరు ఇనేటట్టు పేరు పెట్టి చెప్పాలె అవ్వా” అన్నాడు ఎస్సై. “ఒకసారి చెప్తే మళ్ల ఎనకకు పోరాదు. నీకు ఎంతమంది కొడుకులు?”

“ఒక్కడే.”

హన్మంత్ ఆమె వైపు అడుగు వేశాడు. ధన్‌సింగ్ లేచి అడ్డం నిలబడ్డాడు. ఈసారి హరీశ్ అతన్ని కూర్చోమనలేదు.

ముసలామె అరుగు దిగి, బురదలో నడిచి, లింగ్యా తల దగ్గర ఆగింది.

“హన్మంతు” అంది. “గా తీగ పెట్టింది నా కొడుకు హన్మంతు.”