కూర్చున్నంత ఎత్తు

నేను ఒక స్టాండును. కెమెరా కింద నిలబడే మూడు కాళ్ల స్టాండును. ఫోటో చూసినవాళ్లు తీసినవాడి చెయ్యి మంచిదంటారు, కెమెరా మంచిదంటారు, వెలుగు బాగా కుదిరిందంటారు. ఆ వెలుగు కుదిరేదాకా చలిగాలిలో కదలకుండా నిలబడింది ఎవరని ఏ ఒక్కరూ అడగరు. అడగకపోవడమే మంచిది. నేను కదిలిన రోజునే నా సంగతి లోకానికి తెలుస్తుంది.

జపాన్‌లో ఒక చిన్న కార్ఖానాలో పుట్టాను. అల్యూమినియం గొట్టాలు, ఇత్తడి మరలు, అడుగున రబ్బరు తొడుగులు. పూర్తిగా లాగితే నిలబడ్డ మనిషి కంటికి అందుతాను. మొదట నన్ను కొన్నది సింగపూర్‌లో పెళ్లి ఫోటోలు తీసే ఒక చైనా ఆయన. ఆయన నవ్వమంటే జనం నవ్వేవాళ్లు, ఫోటో అయిపోగానే ఎవరి మొహాలు వాళ్లు మళ్లీ పెట్టుకునేవాళ్లు. కొన్నేళ్లకు ఆయన కొత్త స్టాండు కొనుక్కుని నన్ను రేవు పక్క పాత సామాన్ల అంగడిలో అమ్మేశాడు. అక్కడ గొడుగులకూ ఇస్త్రీపెట్టెలకూ మధ్య పడి ఉండగా పోలిరాజు కంటపడ్డాను.

పోలిరాజుది భీమిలి, సముద్రపు ఒడ్డున చేపలు పట్టేవాళ్ల పేట. సరుకుల ఓడలో ఇంజనుకు నూనె పెట్టే పని అతనిది. ఏడాదిలో ఎక్కువ కాలం నీళ్ల మీదే గడిచేది. ఇంట్లో భార్య మసేనమ్మ, ఒక్కగానొక్క కూతురు నూకరత్నం. పసితనంలోనే పోలియో వచ్చి ఆ పిల్లకు రెండు కాళ్లూ చచ్చుపడ్డాయి. పొద్దున్నే గుమ్మం దగ్గర పేము కుర్చీలో కూర్చోబెడితే పొద్దు వాలేదాకా అక్కడే.

పోలిరాజు ప్రతి రేవులోనూ రంగుల కార్డులు కొని తెచ్చేవాడు. ఒకసారి ఆ పిల్ల వాటిని తిరగేసి చూసి, "అయ్యా, ఇవన్నీ కొండెక్కి సూసినట్టున్నాయి. నాను ఆడికొస్తే నాకేటి అగుపడతాది?" అని అడిగింది.

మర్నాడు పోలిరాజు ఒక తాడు తెచ్చి, నేల నుంచి కుర్చీలో కూర్చున్న కూతురి కంటిదాకా కొలిచి ముడి వేసుకున్నాడు. ఆ తాడు జేబులో పెట్టుకునే సింగపూర్ అంగడికి వచ్చాడు. నన్ను నిలబెట్టి, ముడి ఉన్న చోటికి నా తల దించి, మరలు బిగించి, కాలి మీద ఎర్రరంగుతో ఒక గీత గీశాడు. అంగడివాడు వింతగా చూశాడు. పొడుగాటి స్టాండు కొని పొట్టిగా వాడుకునేవాణ్ణి అతను ఎన్నడూ చూసి ఉండడు. నాతోపాటు ఒక పాత కెమెరా కూడా అక్కడే కొన్నాడు.

అప్పటి నుంచి నేను లోకాన్ని ఆ ఎత్తు నుంచే చూశాను. మొంబాసా, అలెగ్జాండ్రియా, రోటర్‌డామ్, నార్వేలో పేరు పలకరాని ఊళ్లు. ఓడ సరుకు దించుకునే వేళ తోటివాళ్లు సారా దుకాణాలకు దారి తీస్తే, ఇతను నన్ను భుజాన వేసుకుని ఊరి బయటికి నడిచేవాడు. నేల మీద చతికిలబడి కెమెరాలోకి చూసేవాడు. మంచుకొండను తీస్తే సగం గడ్డే పడేది. అలెగ్జాండ్రియాలో సముద్రాన్ని తీయబోతే ఒడ్డున కట్టిన రాతిగోడ అడ్డొచ్చింది. నన్ను కాస్త పైకి లేపితే సరిపోయేది, అతను లేపలేదు.

"సముద్రం అవతల పెట్టుకుని గోడని తీశావేంట్రా!" అని ఓడలో కాకినాడ అతను పొట్ట పట్టుకుని నవ్వాడు.

నూకరత్నం మాత్రం ఆ ఫోటోను ఒళ్లో పెట్టుకుని చాలాసేపు చూసింది. "ఔను. నానొచ్చినా ఈ గోడే అడ్డొచ్చును. ఇదిగో, రాళ్ల సందులోన నీలంగా ఉన్నాది సూడు, అదే నా సముద్రం. అబద్దం సెప్పకుండా తీసినావయ్యా" అంది.

మసేనమ్మకు ఇవేవీ చూసే తీరిక ఉన్నట్టు కనిపించేది కాదు. చేపలు కొయ్యడం, ఎండబెట్టడం, తట్ట నెత్తిన పెట్టుకుని సంతకు పోవడం. తండ్రీ కూతుళ్లు ఫోటోలు పరుచుకుని కూర్చుంటే, "మీకు పనేటి" అనుకుంటూ దాటిపోయేది.

ఏళ్లు గడిచాయి. ఓడ మీద ఉన్నవాడికి ఇంట్లోవాళ్లు వదిలి వచ్చిన వయసులోనే ఉండిపోతారు. ఒక సెలవులో నూకరత్నం, "అయ్యా, ఓపాలి నీ స్టాండు నా పక్కన ఎట్టు" అంది. అతను నన్ను ఎర్రగీత దాకా దించి కుర్చీ పక్కన నిలబెట్టాడు. నా తల ఆమె భుజం దగ్గరే ఆగిపోయింది.

పోలిరాజు నా వంకా కూతురి వంకా చూశాడు. "ఎప్పట్నుంచే?" అన్నాడు.

"సానా ఏళ్లయినాది. బాదపడతావని సెప్పనేదు."

అతను మళ్లీ కొలిచి, పాత గీతకు పైన కొత్త గీత గీశాడు. అది వంకరగా వచ్చింది. ఆమె దాన్ని చూసి నవ్వి, "ఇన్ని ఊర్లు సూపించినావు. ఒక్క దాంట్లోనైనా నువ్వు నేవు" అంది.

"నాను అందులో ఉంటే మీట ఎవులు నొక్కుతారే?"

"ఎవులో ఒకలు. ఆ ఊర్లల్లో మనుసులుండరేటి? సంవత్సరమంతా నిన్ను తలుసుకోడానికి నాకు నీ బొమ్మ ఒక్కటీ నేదు."

"ఈ పాలికి తెస్తాను. తెచ్చినాక ఇంక ఓడెక్కను తల్లీ" అన్నాడు పోలిరాజు.

ఆ ప్రయాణంలో చిలీ దేశంలో వాల్పరైసో అనే రేవుకు చేరాం. కొండ నిండా రంగు రంగుల ఇళ్లు, మధ్యలో మెట్లు, కింద సముద్రం. పోలిరాజు నన్ను కొత్త గీత దాకా దించి, కెమెరా బిగించి, దారిన పోయే ఒక ముసలాయనకు సైగలతో విషయం చెప్పి, మెట్ల మీద కూర్చున్నాడు. ముసలాయన మంచివాడు. స్టాండు ఇంత కిందికి జారిపోయిందేమిటని జాలిపడి, మరలు వదులు చేసి, నా కాళ్లు పూర్తిగా లాగి, తన కంటి ఎత్తుకు నన్ను లేపి మీట నొక్కాడు. పోలిరాజు వారిస్తూ నవ్వుతూ పైకి చూస్తున్నాడు. దాంతో రీలు అయిపోయింది, ఓడ కూత వేసింది. అతనికి దక్కిన బొమ్మ అదొక్కటే. "మా రత్నం సూసి నవ్వుతాది" అనుకుంటూ నన్ను మడిచాడు.

తర్వాతి రేవు చేరకముందే కెప్టెన్ అతన్ని పిలిపించి కబురు చెప్పాడు. భీమిలిలో ముసురు పట్టింది. నూకరత్నానికి నిమ్ము చేసింది. ఆసుపత్రికి తీసుకుపోయారు, కానీ ఊపిరి నిలవలేదు. కబురు వచ్చేసరికే అన్నీ అయిపోయాయి. చుట్టూ సముద్రం, దిగి నడవడానికి దారి లేదు. పోలిరాజు ఆ పూట కూడా ఇంజను దగ్గరికి దిగి, నూనె పెట్టాల్సిన చోటల్లా పెట్టాడని తోటివాళ్లు చెప్పుకున్నారు. నన్ను మాత్రం మంచం కింద నుంచి మళ్లీ తీయలేదు.

ఇల్లు చేరేసరికి వానలు వెలిశాయి. మసేనమ్మ గుమ్మంలో నిలబడి ఉంది.

"పిల్లని నీకోసం ఉంచలేకపోనాం మావా. వాన తగ్గనేదు" అంది. అతను సంచీలోంచి ఆ ఫోటో తీసి ఆమె చేతికిచ్చాడు. విశాఖపట్నంలో దిగగానే కడిగించి తెచ్చాడు. ఆమె చూసి, "నవ్వుతన్నావు" అని మాత్రం అని, దాన్ని తీసుకుపోయి మిగతా ఫోటోలున్న రేకుపెట్టెలో పెట్టింది.

తర్వాత పోలిరాజు ఓడెక్కలేదు. ఇంట్లోనుంచి కదలలేదు. మూలన నా ఇత్తడి మరలకు ఉప్పుగాలికి చిలుము పట్టింది. ఒక మధ్యాహ్నం మసేనమ్మ సంత నుంచి వచ్చి, చేతులు కడుక్కుని, రేకుపెట్టె లాక్కుని అతని ఎదురుగా కూర్చుంది. ఒక ఫోటో తీసి, "ఇది ఏ ఊరు?" అంది.

అతను బలవంతాన చూశాడు. "గురుతు నేదు. ఏదో రేవు కాడ సందు. అందులో ఏటీ నేదు. ఎలుగు పోతన్నాదని గబగబా తీసినాను."

"ఏటీ నేదంటావేటి? ఈ నీలం తలుపు నేదా? దానెనక రొట్టెలు కాలస్తారంట. అందుకే పిల్లి ఆడ కూకున్నాదట. లోన ఒక ముసలమ్మ ఉంటాదంట, మొగుడు సముద్రం మీదకి ఎల్లినాడంట. నాను సేపలు కోస్తంటే రత్నం రోజుకో ఊరు సెప్పేది మావా. నాకు అన్నీ తెలుసు."

పోలిరాజు ఆ ఫోటో అందుకున్నాడు. ఆ సందులో అతనూ నిలబడ్డాడు, నేనూ నిలబడ్డాను. ఆ తలుపు వెనక ఒక మనిషి ఉందని మా ఇద్దరికీ తెలియదు.

"తరవాత?" అన్నాడు. ఇల్లు చేరాక అతను ఏడవడం అదే మొదలు. మసేనమ్మ ఓదార్చలేదు, చెప్పడం ఆపనూ లేదు. ఆ రొట్టెలు కాలి, ముసలమ్మ తలుపు తీసుకుని బయటికి వచ్చి, పిల్లికి ఒక ముక్క తుంచి వేసేదాకా చెప్పింది.