పందిరాజు ముద్దు

మా బావంటే నాకు రోత. దాచుకుని చేసేదేమీ లేదు కాబట్టి ముందే చెప్పేస్తున్నాను.

పిల్లల బొమ్మల సినిమాల్లో పందిరాజు ఉన్నాడే, నెత్తిన వంకర కిరీటం పెట్టుకుని తన అందానికి తానే మూర్ఛపోయే అడవిపంది, వాడికి గొంతిచ్చేది మా బావే. వాడి వెనకాలే తిరుగుతూ ‘చిత్తం మహాప్రభూ’ అనే కొంగమంత్రి గొంతు నాది. అక్క మొగుడు కదా, నన్ను చెయ్యిపట్టి డబ్బింగ్ థియేటర్‌కు తీసుకెళ్లింది ఆయనే. ఆ ఒక్క మేలుకు ఇన్ని సినిమాలుగా చిత్తం చిత్తం అంటూనే ఉన్నాను, మైకు ముందూ, ఇంట్లోనూ.

ప్రతి సినిమాలోనూ పందిరాజు బురదగుంటలో తన మొహం చూసుకుని, మైమరచి, ఆ మొహాన్ని ముద్దు పెట్టుకుంటాడు. జనం పడీ పడీ నవ్వేది అక్కడే. ఆ ముద్దు ఎలా తయారవుతుందో తెలిస్తే నవ్వరు. బావ సగం అరటిపండు నమిలి బుగ్గన పెట్టుకుని, తన ముంజేతిని తానే ముద్దు పెట్టుకుంటాడు. చొంగ మోచేతి దాకా కారుతుంది. పండు ముక్కలు మైకు మీద పడతాయి. అంతా అయ్యాక దర్జాగా, “మైకు తుడవరా, కొంగా” అంటాడు. ఇంటికి చుట్టాలొస్తే భోజనాల దగ్గర కూడా అదే విద్య ప్రదర్శిస్తాడు. పక్కన కూర్చున్న పాపానికి నాకు ముద్ద దిగేది కాదు. ఇక అద్దం కనిపిస్తే చాలు, లిఫ్టులోదైనా సరే, క్రాపు సవరించుకోకుండా కదలడు. తన డప్పు తానే కొట్టుకునేవాళ్లను చూశాను గానీ, డప్పుకు ముద్దులు కూడా పెట్టుకునేవాణ్ణి ఈయన్నే చూశాను.

అలాంటి మనిషికి గొంతులో గడ్డ లేచింది. ఆపరేషన్‌తో ప్రాణం దక్కింది, గొంతు పోయింది. నోరు తెరిస్తే ఉత్త గాలి. డైరెక్టర్ నాకు ఫోన్ చేసి, ఇన్నేళ్లు పక్కనే ఉన్నావు, ఈసారి రాజు నువ్వేనన్నాడు. నాకు సంతోషమే వేసింది. వెంటనే నా మీద నాకే అసహ్యం కూడా వేసింది. అయినా ఒప్పుకున్నాను.

ఆ సంగతి చెబితే అక్క కోప్పడలేదు. “ఆయన గోడవైపు తిరిగి పడుకున్నారురా, తిండి కూడా మానేశారు. అద్దం వంకే చూడట్లేదు. నువ్వు రాజువైతే అవ్వు గానీ, ఒక్కసారి ఆయన్ని అక్కడికి తీసుకెళ్లు. ఆ గది చూస్తేనన్నా మనిషవుతారేమో” అంది. నాకు బొత్తిగా ఇష్టం లేదు. కానీ అక్క కళ్లు చూశాక కాదనలేకపోయాను.

లిఫ్టులో బావ తలొంచుకుని నిలబడ్డాడు. ఎదురుగా నిలువెత్తు అద్దం ఉంది. తలెత్తలేదు. అది నక్కవినయం కాదు, నిజం వినయమే. అదే నాకు మరీ రోతగా అనిపించింది.

రికార్డింగ్‌లో రాజు మాటలన్నీ బాగానే పలికాను. ముద్దు దగ్గరికొచ్చేసరికి నా పని అయిపోయింది. అరటిపండు కొరికి బుగ్గనైతే పెట్టాను గానీ, నమలబుద్ధి కాలేదు. కళ్లు మూసుకుని చెయ్యి ముద్దు పెట్టుకుంటే, ముద్దులా లేదు, మూతి తుడుచుకున్నట్టుందన్నాడు సౌండ్ ఇంజినీర్. మళ్లీ చేశాను. మళ్లీ అంతే. పాత ముద్దులు వాడదామంటే వాటిలో సంగీతం కలిసిపోయి ఉంది. చివరికి విసిగిపోయిన డైరెక్టర్ ఈసారికి ముద్దు తీసేద్దామన్నాడు.

అద్దం అవతల, ఇంజినీర్ గదిలో కూర్చున్న బావ లేచాడు. తలుపు తోసుకుని లోపలికొచ్చి, నా చేతిలోని అరటిపండు లాక్కున్నాడు. నేను కొరికిన ఎంగిలి పండు. అలాగే నోట్లో కుక్కుకున్నాడు. తెరమీద పంది మూతి గుంట మీదికి వంగేదాకా ఆగి, ముంజేతిని అందుకున్నాడు. ముద్దుకు గొంతుతో పనేముంది? బురదలో కూరుకున్న కాలు పీకినట్టు ఆ చప్పుడు గదంతా నిండింది. ఇంజినీర్ నవ్వు ఆపుకోలేక హెడ్‌ఫోన్స్ తీసి పక్కన పెట్టేశాడు.

చొంగ మోచేతి దాకా కారుతూనే ఉంది. బావ గడ్డం పైకెత్తి, రెండు గదుల మధ్య అద్దంలో తనను తాను చూసుకుని, ఎంగిలి చేత్తోనే క్రాపు సవరించుకున్నాడు. నావైపు తిరిగి ఏదో అన్నాడు. గాలి తప్ప శబ్దం రాలేదు. నాకు మాత్రం అర్థమైంది.

ఛీ అనుకుంటూ మైకు తుడిచాను. పండు గుజ్జు వేళ్లకు అంటుకుంది. బయటికొచ్చి అక్కకు ఫోన్ చేశాను.

“మీ ఆయన మళ్లీ అద్దం చూసుకుంటున్నారక్కా” అన్నాను.