వదిన ముక్కు మీద పట్టీ

మా వదినకి, అంటే మా ఆయన అక్కకి, కోపం ముక్కు మీదే ఉంటుందని పెళ్ళైన కొత్తలోనే చెప్పారు. ఆ ముక్కుని పదకొండేళ్ళుగా దగ్గర్నించి చూస్తున్నాను. ఆవిడ బ్యూటీ పార్లర్‌లో రెండో కుర్చీ నాది. ముఖాల పనంతా నేను చేస్తాను. ఆవిడ జుట్టు కత్తిరిస్తుంది, ఖాళీ దొరికినప్పుడు నా వెనక నిలబడి తప్పులు పడుతుంది.

మా దగ్గరికి వచ్చేవాళ్ళలో సగం మందికి ముక్కుతోనే గొడవ. అద్దంలో తల దూర్చి చూసుకుని, నల్లచుక్కలు కనబడ్డాయని కంగారు పడతారు. మురికనుకుని గోళ్ళతో నొక్కుతారు, సబ్బుతో రోజుకి నాలుగుసార్లు తోముతారు. అది మురికి కాదు తల్లీ, రంధ్రంలో చేరిన జిడ్డు గాలి తగిలి నల్లబడిందంతే అని చెప్తాను. చాలామందికి ఉన్నవి అవి కూడా కావు, చర్మంలో మామూలుగా ఊరే జిడ్డే. ఇవాళ లాగేస్తే నెల తిరక్కుండా మళ్ళీ నిండుతుంది. రెండు పూటలా మెత్తగా కడుక్కోండి, జిడ్డు లేని క్రీమ్ రాసుకోండి, మందుల షాపులో అడిగి రంధ్రాలు పూడకుండా రాత్రిపూట రాసే జెల్ తెచ్చుకోండి, బఠాణీ గింజంత, వారానికి రెండు రాత్రులు చాలు, మూడు నెలలు ఓపిక పట్టండి అంటాను. విన్నవాళ్ళకి తగ్గుతుంది, వాళ్ళు మళ్ళీ ఆ పని మీద రారు.

అక్కడే వదినకి ఒళ్ళు మండుతుంది. అందరికీ వైద్యం చెప్పి పంపించేస్తే మళ్ళీ మన గుమ్మం ఎక్కేదెవరని వెనక గదిలోకి పిలిచి మరీ తిడుతుంది. నా పొట్ట కొట్టడానికే మా తమ్ముణ్ణి చేసుకున్నావంటుంది. ఆ మాట మొదట్లో ఏడిపించేది. తర్వాత్తర్వాత నేనూ మొహం మాడ్చుకుని వినడం నేర్చుకున్నాను.

ఈ మధ్య ముక్కు పట్టీలు తెప్పించింది. ఒకటి కాదు రెండు కాదు, మెట్ల కింద నిలువెత్తు పెట్టెలు. ముక్కు తడిపి అంటించి, పావుగంట ఆరనిచ్చి, అట్టలా బిగిశాక లాగాలి. దానికి అంటుకొచ్చిన జిడ్డు చూసి జనం సంబరపడతారు. అది పై కొసలే తెస్తుంది వదినా, లోపలిది లోపలే ఉంటుంది, ముక్కు మాత్రం కందిపోతుంది అన్నాను. శనివారం పొద్దున్న పాత కస్టమర్లని పిలిచానని, తన ముక్కు మీదే నేను పట్టీ వేసి చూపించాలని, నోరు విప్పి చెడగొడితే సోమవారం నుంచి నా కుర్చీ దగ్గర ఇంకొకరుంటారని చెప్పింది. మా ఆయన్ని అడిగితే అక్కతో నీకెందుకు అన్నాడు. నాకు వచ్చిన పని అదొక్కటే. నలభై దాటిన దాన్ని కొత్తగా ఎవరు పెట్టుకుంటారు?

శనివారం తొమ్మిది మంది ఆడవాళ్ళు వచ్చి గోడ వారగా కూర్చున్నారు. వదిన దర్జాగా నా కుర్చీలో వెనక్కి వాలింది. దీపం ముక్కు మీదికి లాగి చూశాను. నిజంగానే ఒక్క నల్లచుక్క లేదు. కానీ ముక్కుపుటాల పక్కన చర్మం సన్నటి పొట్టులా లేస్తోంది, మధ్యలో గులాబీ రంగుగా మెరుస్తోంది. ఆ మెరుపు నాకు బాగా తెలుసు. నన్ను తిడుతూనే నా మాట వింది మహాతల్లి. వారానికి రెండు రాత్రులన్నది మాత్రం చెవికెక్కలేదు, జెల్ రోజూ పట్టిస్తోంది. నవ్వొచ్చింది, ఆ వెంటనే కడుపు మండిపోయింది.

ఎవరి ముఖం మీద చెయ్యి వెయ్యాలన్నా ముందు "రాత్రి ఏం రాశారు" అని అడగాలి. ఒకసారి ఇలాగే జెల్ రాసుకొచ్చిన ఎవరో అమ్మాయికి వ్యాక్స్‌తో పాటు పై పెదవి చర్మం లేచొస్తే, వదినే ఆ నియమం పెట్టి అద్దానికి అంటించింది. అందుకని అడిగాను. మంచినీళ్ళతో కడుక్కున్నానంది. వంగి చెవిలో చెప్పాను.

"జెల్ రాస్తే చర్మం పల్చబడుతుంది వదినా. పట్టీ వేస్తే ఊడొస్తుంది. ఇంకోరోజు చేద్దాం."

ఆవిడ అందరికీ వినబడేలా, మా మరదలికి నా ముక్కు మీద కూడా అనుమానమే అంది. తొమ్మిది మందీ నవ్వారు. ఆ నవ్వు వింటుంటే పట్టీ వేసి లాగిపారెయ్యాలనిపించింది. అబద్ధమెందుకు, ముక్కు తడిపాను, పట్టీ కవరు చింపాను కూడా. ఆగింది ఆవిడ మీద జాలితో కాదు. తప్పని తెలిసిన పని నా చేత్తో చెయ్యబుద్ధి కాలేదు.

"నేను వెయ్యను," అన్నాను.

వదిన నా చేతిలోంచి పట్టీ లాక్కుని తనే అంటించుకుంది. పావుగంట ఆరనిచ్చింది. తర్వాత అంచు పట్టుకుని ఒక్క గుంజు గుంజింది.

పట్టీతో పాటు పల్చటి పొర లేచొచ్చింది. ముక్కు నడిమధ్య బొటనవేలి గోరంత మేర ఎర్రటి పచ్చిపుండు. కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నా నవ్వు మొహం పెట్టి, చూశారా ఎంత శుభ్రంగా వచ్చిందో అంది. చూడ్డానికి ఎవరూ ముందుకి వంగలేదు. ఒకావిడకి ఇంట్లో పని గుర్తొచ్చింది. మిగతావాళ్ళు ఆవిడ వెనకే లేచారు.

వదిన నన్ను వెనక గదిలోకి పిలిచి తలుపేసింది. నా వైపు చూడకుండా, "ఇప్పుడేం రాయాలి?" అంది.

వెళ్ళి నీ పట్టీలనే అడుగు అనేద్దామని నోటిదాకా వచ్చింది. అనలేదు. సబ్బు వద్దు, చల్లటి నీళ్ళతో కడగండి, పెట్రోలియం జెల్లీ పల్చగా రాయండి, ఎండ తగలనివ్వద్దు, పక్కు కడితే గిల్లద్దు, వాచినా చీము పట్టినా డాక్టరుకి చూపించండి, జెల్ వెంటనే ఆపండి అని చెప్పాను. ఒక్కొక్కటీ కాగితం మీద రాసుకుంది. అంతా అయ్యాక తలెత్తింది.

"నలుగురిలో నా పరువు తీశావు. సోమవారం నుంచి రావద్దు."

"మీ చేత్తో మీరే లాక్కున్నారు వదినా."

"లాక్కునేలా చేసింది నువ్వే."

ఏప్రన్ విప్పి కొక్కేనికి తగిలించాను. నా పట్టకార్లు, నా తువ్వాలు సంచీలో పెట్టుకున్నాను. చెప్పాల్సింది ఇంకొకటి మిగిలిపోయింది. పుండు మానాక కూడా కొన్ని వారాలు ఆగాలి, జెల్ మళ్ళీ మొదలెట్టినా వారానికి రెండు రాత్రులు దాటకూడదు. ఈవిడ సంగతి తెలిసిందే, మానీ మానగానే రోజూ పట్టిస్తుంది, ముక్కు మళ్ళీ పచ్చిపుండవుతుంది. ఆవిడకీ ఏదో అనుమానం వచ్చినట్టుంది, మూత పెట్టిన పెన్ను మళ్ళీ తెరిచింది. ఇంకేమైనా చెప్పాలా అని అడిగింది.

"ఇంకేం లేదు వదినా," అని తలుపు తీసుకుని వచ్చేశాను.