జూపిటర్ ముందు ఆగిన సన్నాయి

ఆ ఏడు గవియస్‌కు రొట్టెల అంగడికి వెళ్లడమంటేనే గిట్టకుండా పోయింది. వెళితే చాలు, అంగడివాడు పిండి చేతులు దులుపుకుంటూ థాలస్ ఊసు ఎత్తుతాడు.

"నిన్న నాటకశాలలో చూశావా మీవాణ్ణి? ఏడుస్తున్నది నర్తకుడో వాడి సన్నాయో తెలీలేదయ్యా! మా ఆవిడ తల్లో దండ తీసి విసిరేసింది. నన్ను కట్టుకున్నప్పట్నించీ నా మీద ఒక్క రేకు వేసిన పాపాన పోలేదు."

పక్కనున్నవాళ్లు పగలబడి నవ్వారు. గవియస్ కూడా నవ్వి, రొట్టె చంకన పెట్టుకుని బయటపడ్డాడు. ఇల్లు చేరేసరికి ఆ రొట్టె నలిగి పిడచయింది.

"మీవాడు" అన్నమాట నిజమే. పన్నెండేళ్ల కిందట సంతలో కొన్న బానిస పిల్లాణ్ణి ఎవరో షావుకారు తెచ్చి అప్పగిస్తే, ముక్కుతో గాలి పీలుస్తూనే బుగ్గల్లోంచి వదలడం వాడికి నేర్పింది గవియసే. ఇప్పుడు వాడికి ఇరవై రెండేళ్లు. బానిసత్వం వదిలింది. రోమ్ నగరమంతా వాడి పేరే. గవియస్ మాత్రం బలిపీఠాల దగ్గరే ఉండిపోయాడు. పూజారి మంత్రం చదువుతుంటే అపశకునపు చప్పుడేదీ వినబడకుండా వాయించడం అతని పని. ఇరవై ఏళ్లుగా వాయిస్తున్నా, బాగుందన్నవాడు ఒక్కడూ లేడు.

అతనికి మిగిలిన గొప్ప ఒక్కటే. సెప్టెంబరు ఉత్సవాల్లో రథాల పందేలకు ముందు దేవతలు ఊరేగుతూ కొండ దిగి మైదానానికి వస్తారు. దేవతల రాజైన జూపిటర్ బండికి ముందు కుడిపక్క నడిచేది గవియస్. పదహారేళ్లుగా ఆ చోటు అతనిది. ఈసారి ఉత్సవాధికారి కబురంపాడు: కుడిపక్క థాలస్, ఎడమపక్క గవియస్.

"పక్క మారితే ఏమయిందయ్యా? దేవుడికి ఆ వైపు చెవి లేదా?" అంది భార్య ఒప్పియా, శనగలు కడుగుతూ.

"నీకు తెలీదులే, ఊరుకో."

మర్నాడు మిట్టమధ్యాహ్నం అతను ఊరిబయట సమాధుల బాట పట్టాడు. అక్కడ సీసపు రేకులమ్మే ముసలమ్మ ఒకతె ఉంది. పగవాడి పేరు రేకు మీద గీకి, చుట్టి, మేకు దిగ్గొట్టి, అకాలంగా చచ్చినవాడి సమాధిలో పడేస్తే పాతాళంలో ఉన్నవాళ్లు మిగతా పని చూసుకుంటారు. పందెపు గుర్రాల మీద, కుస్తీవాళ్ల మీద అలాంటివి ఆవిడ ఎన్ని రాయించిందో!

"పేరొక్కటే చాలదు నాయనా," అంది ముసలమ్మ. "ఈ ఊళ్లో థాలస్‌లు పాతికమంది. తల్లి పేరు కావాలి. కిందివాళ్లు తల్లి పేరుతోనే మనిషిని ఆనవాలు పడతారు."

ఆ సాయంత్రం వాద్యగాళ్ల సావడిలో థాలస్ సన్నాయి రెల్లుపీక గీరుకుంటున్నాడు. గవియస్ వెళ్లి పక్కన కూర్చున్నాడు.

"ఒరేయ్, మీ అమ్మ పేరేంట్రా?"

థాలస్ తల ఎత్తాడు. "ఎందుకు బాబాయ్?"

గవియస్ నోటికి అబద్ధం తడుముకోకుండానే వచ్చింది. "మా పెద్దలకి ధూపం వేస్తున్నా. ఆవిడ పేరున కూడా వేద్దామని."

థాలస్ చేతిలో చాకు ఆగిపోయింది. "పేరు తెలీదు బాబాయ్. నాలుగేళ్లవాణ్ణట, నన్ను అమ్మేసినప్పుడు. అమ్మా అని పిలిచేవాణ్ణి, అంతే." గవియస్ చెయ్యి తీసుకుని ముద్దు పెట్టుకున్నాడు. "ఈ మాట నన్నడిగినవాడివి నువ్వొక్కడివే."

గవియస్ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. మనసు ఒక్క క్షణం మెత్తబడింది. అంతలో సావడి గుమ్మంలోంచి ఇద్దరు ఆడపిల్లలు తొంగిచూసి, "అదుగో థాలస్! ఆ ముసలాయన పక్కన!" అని కిసకిసలాడారు.

మర్నాడు గవియస్ రేకు రాశాడు. 'ఏ తల్లి కన్నదో, థాలస్ ఊపిరి కట్టండి, వేళ్లు కట్టండి.' మేకు తనే కొట్టాడు.

ఉత్సవం నాడు బాట కిటకిటలాడింది. బుగ్గలకు తోలుపట్టీ బిగించుకుని ఇద్దరూ జూపిటర్ బండి ముందు కదిలారు. గవియస్ కళ్లు దారి మీద లేవు, థాలస్ వేళ్ల మీద ఉన్నాయి. ఇప్పుడు తడబడతాయి, ఈ మలుపులో తడబడతాయి అనుకుంటూ నడిచాడు. అవి తడబడలేదు. థాలస్ ఎత్తుకున్నది పాత వరస, గవియసే నేర్పిన వరస. కానీ దాని నడుమ అతనికెన్నడూ తట్టని చిన్న విరుపు ఒకటి వేశాడు. జనం ఒక్కసారిగా నిశ్శబ్దమయ్యారు. ఆ విరుపు వింటూ, ఇది నాకెందుకు తట్టలేదని కుళ్లిపోతూ, గవియస్ ఊదడం మరిచిపోయాడు.

నాలుగడుగులు. అంతే. కానీ వెనక నడుస్తున్న పూజారి చెయ్యి ఎత్తాడు. బండి ఆగింది. ఇద్దరిలో ఒక్క సన్నాయి ఆగినా ఊరేగింపు చెడినట్టే. మొదటినుంచీ మళ్లీ చెయ్యాలి, లేకపోతే దేవుడు పందేలు స్వీకరించడు.

ఉత్సవాధికారి ముఖం కందగడ్డలా చేసుకుని వచ్చాడు. "ఎవడు ఆపింది?"

గవియస్ తల వంచుకుని తోలుపట్టీ సర్దుకున్నాడు. థాలస్ అతని వంక చూశాడు. తన సన్నాయి నోట్లోంచి తీసి, పీకను బొటనవేలితో నొక్కి చీల్చాడు. ఆ పని గవియస్ ఒక్కడికే కనబడింది.

"నేనేనండి. పీక చీలింది."

"పో! ఇంకెప్పుడూ దేవుడి ముందుకి రాకు!"

మర్నాడు మళ్లీ జరిగిన ఊరేగింపులో కుడిపక్కన గవియస్ నడిచాడు. ఒక్క తప్పు లేకుండా వాయించాడు. బాట పొడుగునా జనం "థాలస్ ఏడీ?" అని అరుస్తూనే ఉన్నారు.

ఊరేగింపు కాగానే తిన్నగా థాలస్ గదికి వెళ్లాడు. ఊదడం మానింది తనేనని థాలస్‌కు తెలుసు గనక అది చెప్పాల్సిన పనిలేదు. రేకు సంగతి చెప్పాడు. పొద్దున్నే వెళ్లి తవ్వి తీశానని, కరిగించేశానని కూడా చెప్పాడు. తిడతాడనుకున్నాడు, కొడతాడనుకున్నాడు.

"అయితే మా అమ్మకి ధూపం వెయ్యలేదన్నమాట," అన్నాడు థాలస్.

"వెయ్యలేదురా."

"సరే. వెళ్లు బాబాయ్."

ఆ వారంలోనే థాలస్ ఒక నర్తకుల మేళంతో పుతియోలి రేవుకి వెళ్లిపోయాడు. గవియస్ ఉత్సవాధికారి దగ్గరికి వెళ్లి ఆగింది తన సన్నాయేనని ఒప్పుకున్నాడు. కుడిపక్క పోయింది, ఎడమపక్కా పోయింది. వీధి మలుపు గుళ్లలో చిన్న చిన్న పూజలకు వాయించుకుంటూ బతికాడు.

చలికాలంలో పుతియోలి నుంచి వచ్చిన చేపల వర్తకుడు ఒకడు థాలస్ సన్నాయి వింటూ అక్కడి నావికులు ఓడలెక్కడం మరిచిపోతున్నారని చెప్పాడు. ఆ మాట ఇంటికి తెచ్చి గవియస్ భార్యకు చెప్పాడు.

"సంతోషమే కదయ్యా?" అంది ఒప్పియా గంజి వడ్డిస్తూ.

"సంతోషమే," అన్నాడు గవియస్. "కానీ కడుపు మండుతూనే ఉందే."

ఒప్పియా ఇంకో గరిటెడు వడ్డించి, తినమంది.