అరాన్సిబియా పిలుపు

గాస్పర్ కనుబొమ మీది చీలికలోంచి రక్తం ఆగకుండా కారుతూనే ఉంది. ఇర్మా కొడుకుని వంటింట్లో బల్ల దగ్గర కూర్చోబెట్టి, గడ్డం పట్టుకుని తల వెనక్కి వంచి, గోరువెచ్చని ఉప్పునీళ్లలో ముంచిన గుడ్డతో అద్దుతోంది. గిన్నెలో నీళ్లు అప్పటికే ఎర్రబడ్డాయి. కుర్రాడి చొక్కా నిండా బాష్పవాయువు ఘాటు. ఆ ఘాటుకి ఆమె కళ్లు కూడా కారుతున్నాయి, మోచేత్తో తుడుచుకుంటోంది.

ఎర్నాన్ డ్యూటీ దిగి వచ్చి, బస్సు కంపెనీ కోటు కూడా విప్పకుండా గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"లాఠీయేనా?"

"పోలీసు డాలు అంచు నాన్నా. లాఠీ అయితే తప్పించుకునేవాణ్ని."

"తప్పించుకునేవాడట! వీరుడి మాటలు వినండి," అంది ఇర్మా. గుడ్డ కాస్త గట్టిగానే నొక్కింది. "ఇంకో వేలెడు కిందకి దిగి ఉంటే కన్నే పోయేది. అప్పుడు ఏ వైపు నించి తప్పించుకునేవాడివిరా?"

పదిహేనేళ్ల గాస్పర్ చదువుతున్నది అరాన్సిబియాలో. చిలీ రాజధాని శాంతియాగో నడిబొడ్డున, బూడిదరంగు స్తంభాల వెనక, వందేళ్లు పైబడిన ప్రభుత్వ ఉన్నత పాఠశాల అది. మంత్రులూ న్యాయమూర్తులూ ఆ బెంచీల మీదనే పేర్లు చెక్కారని చెప్పుకుంటారు. చేపల బజారులో పొలుసులు గీకే మనిషి కొడుకైన ఎర్నాన్ కూడా ఒకప్పుడు ప్రవేశపరీక్ష రాసి ఆ బెంచీల మీద కూర్చున్నవాడే. తండ్రి పోయాక విశ్వవిద్యాలయం మధ్యలో వదిలి స్టీరింగ్ పట్టుకున్నాడు గాని, అరాన్సిబియా వాడినన్న మాట మాత్రం ఆయన వెన్నులో ఇనపచువ్వలా నిలిచిపోయింది. ఆ ఏడాది ఆ బడిలో చదువు సాగిన వారాల కంటే గొడవలతో గేట్లు మూసిన వారాలే ఎక్కువ. రంగులు వేసేవాళ్లు తొడుక్కునే తెల్ల అంగీలు, మెడ నుంచి చీలమండ దాకా ఒకటే కుట్టు, తలమీదకి లాక్కునే టోపీ. వాటిని మరుగుదొడ్లలో తొడుక్కుని, మొహానికి గుడ్డ చుట్టుకుని, పెట్రోలు సీసాలతో రోడ్డెక్కేవాళ్లు కొందరు. ఒకడికీ ఇంకొకడికీ తేడా తెలియకూడదు. పని అయ్యాక అంగీలు అక్కడే విప్పి పారేసి, యూనిఫారాల్లో మామూలు పిల్లల్లా ఇళ్లకి పోయేవారు.

"ఆ తెల్లముసుగుల్లో నువ్వున్నావా?" అడిగాడు ఎర్నాన్.

"లేను నాన్నా."

"ఒట్టు?"

"ఒట్టు."

ఎర్నాన్ నమ్మాడు. ఇర్మా గుడ్డ పిండి మళ్లీ గాయం మీద పెట్టింది.

"శుక్రవారం మధ్యాహ్నం దాకా సీటు ఉంచుతానంది మిస్ లోరెతో," అంది ఇర్మా. ఆమె ఒక ప్రైవేటు పాఠశాల వంటశాలలో పనిచేస్తుంది. మిస్ లోరెతో ఆ బడి ప్రధానోపాధ్యాయిని. పనివాళ్ల పిల్లలకి ఫీజు లేకుండా ఏడాదికి ఒక్క సీటు ఇచ్చే ఆనవాయితీ అక్కడుంది. ఈసారి అది ఇర్మా వంతు. "వెళ్లి సంతకం పెట్టడమే. సోమవారం నించి వీడు నాతోనే వస్తాడు, నాతోనే ఇంటికొస్తాడు."

"నీతోనా?" గాస్పర్ తల విదిలించాడు. "ఆ దొరబాబుల మధ్య నేను పళ్లెం పట్టుకుని వరసలో నిలబడతాను, నువ్వొచ్చి గరిటెతో పప్పు వేస్తావు. 'మీ అమ్మ పప్పులో ఉప్పు తగ్గిందిరా' అని వాళ్లు నవ్వుతారు. అంతేగా?"

"నా పప్పులో ఉప్పు ఎప్పుడూ తగ్గలేదు. కదలకు."

"ఇర్మా," అన్నాడు ఎర్నాన్ నెమ్మదిగా, "వీడు అరాన్సిబియా వదిలితే ఈ ఇంట్లో చదువు రెండోసారి ఆగినట్టు. మొదటిసారి ఆగింది నాది."

"అక్కడ చదువెక్కడుంది ఎర్నాన్? లెక్కల మాస్టారు మొహం కాలి ఆస్పత్రిలో ఉన్నాడు. కిటికీలకి అద్దాల్లేవు. నీ బడి నీ బుర్రలో ఉంది. వీడు పోయేది ఆ బడికి కాదు."

ఇర్మా ఇలా నిలదీసినప్పుడు తండ్రీకొడుకులకి ఒక దారి ఉండనే ఉంది. గాస్పర్‌కి మాటలు సరిగా రాకముందే ఎర్నాన్ వాడికి అరాన్సిబియా పిలుపు నేర్పాడు. ఎక్కడైనా, ఏ వయసులోనైనా, అరాన్సిబియా వాడొకడు ఆ పిలుపు పిలిస్తే విన్న ప్రతివాడూ లేచి నిలబడి బదులివ్వాలి. చివరి మాటకి కుడి పిడికిలి ఆకాశంలోకి లేవాలి. బదులు రాకపోతే పిలిచినవాడు మూడుసార్ల దాకా పిలుస్తాడు. పెళ్లిళ్లలో, శ్మశానాల్లో, ఫుట్‌బాల్ మైదానాల్లో అరాన్సిబియా వాళ్లు ఒకరినొకరు అలాగే గుర్తుపడతారు.

ఎర్నాన్ గొంతు సవరించుకుని, సగం నవ్వుతూ పిలిచాడు. "నిలబడ్డది ఎవరు?"

"అరాన్సిబియా!" కుర్చీలోంచి ఒక్క ఉదుటున లేచాడు గాస్పర్. "నిన్న ఎవరు? అరాన్సిబియా! రేపు ఎవరు? అరాన్సిబియా! ఎప్పటికీ!"

పిడికిలి పైకి లేస్తూ ఇర్మా చేతిలోని గిన్నెని కొట్టింది. ఎర్రనీళ్లు ఆమె మెడ మీదా గుండెల మీదా ఒలికాయి. గిన్నె దొర్లుకుంటూ పొయ్యి కిందకి పోయింది.

ఇర్మా తడిసిన బట్టలకేసి చూసుకుంది. "మీ చేతులకి బుర్రతో పనిలేదు," అని, వంగి గిన్నె తీసుకుంది.

*

బుధవారం మధ్యాహ్నం అరాన్సిబియా ముందున్న పెద్ద రోడ్డు మలుపు తిరిగేసరికి ఎర్నాన్‌కి ముందు పొగ కనబడింది. తర్వాత అడ్డంగా పేర్చిన బల్లలు, మండుతున్న టైర్లు, వాటి వెనక తెల్ల అంగీలు. వెనక్కి తిప్పుకునే వీల్లేకుండా కార్లు. ఇలాంటప్పుడు ఏం చెయ్యాలో డ్రైవర్లందరికీ తెలుసు. బండి ఆపాలి, తలుపులు తీయాలి, జనాన్ని దింపాలి, తనూ దిగి నడిచిపోవాలి, ఎవరి మొహంలోకీ చూడకూడదు. ఎర్నాన్ అన్నీ వరసగా చేశాడు. ప్రయాణికులు సంచులు గుండెలకి అదుముకుని, చొక్కాలతో ముక్కులు మూసుకుని పరుగెత్తారు.

అద్దంలోకి చూస్తే చివరి సీటులో ఒక ముసలామె. కాళ్లు బూరెల్లా వాచి ఉన్నాయి. కూరగాయల చక్రాల సంచి రెండు సీట్ల మధ్య ఇరుక్కుంటే లాగుతోంది.

"దిగు బాబాయ్, దిగు!" ఇనపకడ్డీ పట్టుకున్న ముసుగు ఒకటి తలుపు మీద కొట్టింది. "నీకేం కాదు. బండి కంపెనీది."

"వెనక పెద్దామె ఉంది బాబూ. ఒక్క నిమిషం."

"నిమిషం లేదు, పోలీసులొస్తున్నారు. దిగరా అంటే!"

కడ్డీ గాలిలో లేచింది. ముందు అద్దం సాలెగూడులా చిట్లి, రెండో దెబ్బకి లోపలికి కూలింది. గాజుపెంకు ఒకటి ఎర్నాన్ చెంపలో దిగబడింది. ఎవరో కాలరు పట్టుకుని మెట్ల మీదకి ఈడ్చారు. పక్కటెముకల మీద ఒక తన్ను, మోకాలి మీద ఇంకొకటి. మధ్య తలుపులోంచి డబ్బాతో పెట్రోలు చల్లుతున్నారు. ఆ వాసన గొంతులో అడ్డుపడుతోంది. "సంచి వదిలెయ్ అమ్మా! దిగు!" అని ఆయన అరిచిన అరుపు ఆ గోలలో ఎవరికీ వినబడలేదు.

ముందు తలుపు దగ్గర ఒక ముసుగు కదలకుండా నిలబడి ఉంది. కుడిచేతిలో సీసా. సీసా మూతిలో కుక్కిన గుడ్డ అంటుకుని మండుతోంది.

"వెయ్యరా! ఏం చూస్తున్నావ్, వెయ్!" వెనకనించి అరిచారు.

వాడు వెయ్యలేదు. కాలుతున్న గుడ్డని ముందుకి చాచి పట్టుకుని, తలుపుకి అడ్డంగా అలాగే ఉండిపోయాడు.

ఎర్నాన్ మెట్టు మీద మోకాళ్లపై ఉన్నాడు. నోట్లో రక్తపు రుచి. చేతిలో ఏ ఆయుధమూ లేదు. అప్పుడు తోచింది ఆయనకి: వీళ్లు నా బడి పిల్లలు. నేను ఎవరినో తెలిస్తే ఆగుతారు. ఊపిరి అందినంత పీల్చి, పక్కటెముకలు కలుక్కుమంటున్నా, పొగలోకి గొంతెత్తి పిలిచాడు.

"నిలబడ్డది ఎవరు?"

ఒక్క క్షణం అంతా ఆగింది. పెట్రోలు డబ్బా ఆగింది, ఇనపకడ్డీ ఆగింది. ముసుగుల వెనక ఏళ్ల తరబడి ఉదయం ప్రార్థనలో నిలబెట్టి నేర్పిన గొంతులు ఒక్కసారిగా లేచాయి.

"అరాన్సిబియా! నిన్న ఎవరు? అరాన్సిబియా! రేపు ఎవరు..."

ఆ గొంతుల్లో ఒకటి, అన్నిటికంటే దగ్గరది, ఇంకా సరిగా మగగొంతుకాని బొంగురుది, ఎర్నాన్ గుర్తుపట్టాడు. ప్రతి ఆదివారం రొట్టె మీద అవకాడో నలుపుకుంటూ తనతో కలిసి అరిచే గొంతు. చివరి మాట ఇంకా రాలేదు. చెయ్యి చాచి "వద్దు!" అనబోయాడు. నోరు తెరుచుకునేలోపే మాట వచ్చేసింది.

"ఎప్పటికీ!"

పిడికిళ్లన్నీ ఆకాశంలోకి లేచాయి. సీసా ఉన్న పిడికిలీ లేచింది.

పెట్రోలు సీసా మూతిలోంచి చిమ్మి మణికట్టు మీదుగా, చంక మీదుగా, మెడ మీదుగా దిగింది. దాని వెంటే మంట దిగింది. చవకరకం తెల్లగుడ్డ కాలలేదు, కరిగింది. కరిగి ఒంటికి అతుక్కుంది. కుర్రాడు మొదట అరవలేదు. తన చేతికేసి అది వేరెవరిదో అన్నట్టు చూశాడు. ఆ తర్వాత వేసిన కేక లాంటిది ఎర్నాన్ తన జీవితంలో ఏ జంతువు నోటా వినలేదు.

ముసుగులు చెల్లాచెదురయ్యాయి. ఎర్నాన్ సీటు కిందనించి మంటలార్పే ఎర్రసిలిండర్ పెరికి, పిన్ను పళ్లతో లాగి, తెల్లపొడి కొడుకు మీద కుమ్మరించాడు. కోటు విప్పి వాడి మీద పడి రోడ్డు మీద దొర్లించాడు. మెడ దగ్గర ఇంకా మండుతుంటే వట్టి అరచేతులతో నొక్కాడు. కరిగిన గుడ్డతోపాటు తన చర్మం కూడా ఊడొచ్చింది. ముసలామె ఎలా దిగిందో దిగి వచ్చి, రోడ్డు మీదే చతికిలబడి, సంచిలోని నీళ్ల సీసా కుర్రాడి మెడ మీద కొద్దికొద్దిగా పోస్తోంది. "పడుకో నాయనా, కదలకు నా తండ్రీ," అంటోంది.

అంతలో పోలీసుల నీళ్ల లారీ వచ్చింది. వాళ్లకి పొగలో కనబడింది తెల్ల అంగీ ఒక్కటే. ఘాటుమందు కలిపిన నీటిధార తాటిదూలంలా వచ్చి ముగ్గురినీ తాకింది. కాలిన ఒంటి మీద ఆ నీళ్లు పడగానే గాస్పర్ విల్లులా వంగి లేచాడు. ఎర్నాన్ వాడి మీద బోర్లా పడుకుని, వీపు ధారకి అప్పగించి, "నా కొడుకు! నా కొడుకు!" అని అరిచాడు. లారీలో వాళ్లకి ఆ మాట చేరేసరికి ఆలస్యమైంది.

*

శుక్రవారం పొద్దున్నకి గాస్పర్‌కి పూర్తిగా తెలివి వచ్చింది. కుడిచెయ్యి భుజం దాకా, మెడ చెవి దాకా తెల్లకట్టు. ప్రాణానికి భయం లేదన్నాడు డాక్టర్. వేళ్లు మళ్లీ ముడుచుకుంటాయో లేదో మాత్రం ఇప్పుడే చెప్పలేనన్నాడు. మంచానికి ఒకవైపు ఇర్మా, ఇంకోవైపు రెండు అరచేతులకీ కట్లతో ఎర్నాన్. చేతులు ఒళ్లో వెల్లకిలా పెట్టుకుని కూర్చున్నాడు.

"నువ్వేనా నాన్నా పిలిచింది?"

"నేనే."

"తెలుసు. నీ గొంతేనని తెలిసింది. తెలిసి కూడా చెయ్యి ఆగలేదు."

ఎర్నాన్ తల వంచుకున్నాడు. "నా బస్సని ముందే తెలుసా?"

"అద్దం పగిలాక చూశా. నా చేతిలో సీసా ఉంటే ఇంకొకడు వెయ్యడనుకున్నా. నువ్వూ ఆ ముసలామే దిగేదాకా అలాగే నించుందామనుకున్నా." పెదాలు తడుపుకున్నాడు. "నీకు అబద్ధపు ఒట్టు వేశా."

"మాట్లాడకు. గొంతు ఎండిపోతుంది," అని ఇర్మా చెంచాతో నీళ్లు పోసింది.

"మిస్ లోరెతో ఫోన్ చేసింది," అంది గోడకేసి చూస్తూ. "టీవీలో చూపించింది ముసుగే గాని మొహం కాదట. 'నేనేమీ అడగను, మీరేమీ చెప్పకండి. కోర్టు సంగతి వచ్చినప్పుడు చూద్దాం. మధ్యాహ్నంలోపు తల్లో తండ్రో వచ్చి సంతకం పెడితే చాలు' అంది. అరాన్సిబియా వాళ్లూ ఫోన్ చేశారు. విచారణ అయ్యేదాకా పేరు తీసెయ్యరట. కావాలంటే అక్కడికే పోవచ్చు." అప్పుడు మొగుడి వైపు తిరిగింది. "నేనిప్పుడు బస్సెక్కితే చేరతాను. ఎక్కమంటావా?"

ఎర్నాన్ నోరు తెరిచాడు. అప్పుడే కింద వీధిలోంచి, తెరిచి ఉన్న కిటికీ గుండా, ఒక కుర్రగొంతు పైకి వచ్చింది.

"నిలబడ్డది ఎవరు?"

గాస్పర్ కళ్లు మెరిశాయి. "మావాళ్లు! నాకోసమే వచ్చారు నాన్నా!" కట్టు కింద భుజం అప్పుడే కదిలింది. వాడు కదిపింది కాదది, దానంతటదే కదిలింది. కాలిన చర్మం లాగి మొహం తెల్లగా పాలిపోయినా భుజం లేస్తూనే ఉంది.

ఎర్నాన్ లేచి, కట్టు కట్టిన తన అరచేతిని ఆ భుజం మీద వేసి కిందకి అదిమాడు. గాజుగుడ్డ మీద ఎర్రటి మరక పూసింది. అది ఆయన రక్తమో కొడుకుదో తెలియలేదు.

"నిలబడ్డది ఎవరు?" రెండోసారి. ఈసారి చాలా గొంతులు.

"వదులు నాన్నా! పలక్కపోతే నేను పోయాననుకుంటారు! పలకనీ!"

"అనుకోనీ."

"నువ్వైనా పలుకు! నువ్వూ అరాన్సిబియావేగా!"

ఆయన కుడిచెయ్యి కొడుకు భుజం మీద లేకపోతే అది కూడా లేచేదేమో. ఆ సంగతి ఆయనకి తెలుసు. అందుకే ఇంకా గట్టిగా అదిమాడు. కుర్రాడు ఏడుస్తూ, తిడుతూ, మంచి చేత్తో తండ్రి చెంప మీద గాజు గుచ్చుకున్న చోటే కొట్టాడు. ఎర్నాన్ మొహం తిప్పుకోలేదు.

మూడోసారి పిలుపు వచ్చింది. తర్వాత ఎవరో ఏదో అన్నారు, చెప్పుల చప్పుడు వీధి చివరికి దూరమైంది.

అప్పటికి ఇర్మా సంచి భుజానికి తగిలించుకుని తలుపు దగ్గరుంది.

"బస్సెక్కు," అన్నాడు ఎర్నాన్, చెయ్యి తీయకుండానే.